మూతా, ఫైర్ బ్లాంకెట్టా, ఎక్స్‌టింగ్విషరా? వంటింట్లో ఏది ముందు, ఏది తర్వాత

వంటింట్లో ప్రమాదం అనగానే చాలామందికి గ్యాస్ పేలడమే గుర్తొస్తుంది. కానీ ఇళ్లలో మంటలు ఎక్కువగా పుట్టేది పొయ్యి మీద పెట్టి పక్కకు వెళ్లిన నూనె గిన్నెలోంచి. ఇళ్లలో అగ్నిప్రమాదాల లెక్కలు ఏళ్లుగా తీస్తున్న అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ చెప్పేదీ ఇదే. ఇంటి మంటలకు మొదటి కారణం వంట, వంట మంటలకు మొదటి కారణం పొయ్యి దగ్గర మనిషి లేకపోవడం. ఆ మంటల్లో గాయపడినవాళ్లలో పెద్ద వంతు దాన్ని ఆర్పబోయి కాల్చుకున్నవాళ్లే.

అందుకని భద్రత కోసం ఏ వస్తువు కొనాలన్నా రెండు ప్రశ్నలు వేసుకోండి. మంట పుట్టిన మొదటి అర నిమిషంలో అది చేతికి అందుతుందా? దాన్ని అందుకోవడానికి గానీ, వాడటానికి గానీ చెయ్యి మంట మీదుగా పోవాల్సి వస్తుందా? ఈ రెండింటికీ సరైన జవాబు రాకపోతే ఎంత మంచి వస్తువైనా అది గోడకు అలంకారమే అవుతుంది. కింద చెప్పిన పోలికలన్నీ ఈ రెండు ప్రశ్నల మీదే నడుస్తాయి.

నూనె ఎలా అంటుకుంటుంది

వేపుడుకు నూనె 160 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలు. రిఫైన్డ్ నూనెలు చాలావరకు 200 నుంచి 230 డిగ్రీల దగ్గర పొగ వదులుతాయి. రిఫైన్ చేయనివి, ఇదివరకే రెండు మూడుసార్లు కాగినవి అంతకంటే ముందే పొగ అందుకుంటాయి. మొదట గిన్నె అంచు వెంట సన్నటి నీలిపొగ లేస్తుంది, ముక్కుకు ఘాటు తగులుతుంది. అప్పటికి పొయ్యి ఆపేసి, గిన్నెను కదపకుండా వదిలేస్తే గండం గడిచినట్టే. ఆపకపోతే పొగ చిక్కబడుతుంది, నూనె నల్లబడుతుంది. వేడి 350 డిగ్రీల ప్రాంతానికి చేరాక ఏ నిప్పూ తగలకుండానే నూనె తనంతట తాను భగ్గుమంటుంది. కరెంటు పొయ్యి మీద పెట్టిన నూనె కూడా అంటుకునేది ఇందుకే. మంట లేని పొయ్యి కదా అని ధీమా పడొద్దు.

అంటుకున్న నూనె మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో ఒక్కసారి లోపలికి చూద్దాం. నీళ్లు నూనె కంటే బరువు, కాబట్టి అడుక్కి దిగుతాయి. అక్కడ 300 డిగ్రీలు దాటిన వేడికి క్షణంలో ఆవిరైపోతాయి. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల చోటు కావాలి. ఆ ఆవిరి పైకి తన్నేటప్పుడు మీద ఉన్న నూనెనంతా సన్నటి తుంపరలుగా చేసి ఎగరేస్తుంది. ప్రతి తుంపరా మండుతూనే లేస్తుంది. గ్లాసుడు నీళ్లతో పైకప్పు దాకా మంట లేవడానికి కారణం ఇదే. నీరు కారుతున్న తడి తువ్వాలు కప్పినా ఫలితం అదే, కాకపోతే కాస్త చిన్నగా.

మూత: మొదటి ఆయుధం

గిన్నెలో ఉన్న మంటకు మూతను మించింది లేదు. కొనక్కర్లేదు, వాడటం నేర్చుకోనక్కర్లేదు, పొయ్యి పక్కనే ఉంటుంది. గాలి అందకపోతే మంట చచ్చిపోతుంది, అంతే. అయితే ఏ మూత పడితే ఆ మూత కాదు. లోహపుది కావాలి. గాజు మూత మంట వేడికి పగిలే ప్రమాదం ఉంది. గిన్నె కంటే అంగుళమైనా పెద్దదై, అంచు చుట్టూ ఖాళీ లేకుండా కూర్చోవాలి. సరిపడే మూత లేని వెడల్పాటి మూకుడు అయితే, దాని మూతిని పూర్తిగా కప్పే బేకింగ్ ట్రేనో, మందపాటి చదునైన పళ్లెమో చూసి పెట్టుకోండి. నూనె వేడెక్కకముందే ఒకసారి పెట్టి సరిపోతుందో లేదో చూసుకోవాలి. మంట లేచాక కొలతలు చూసుకునే వ్యవధి ఉండదు.

వేసే తీరు ముఖ్యం. మూతను పైనుంచి పడేస్తే గాలి ఒత్తిడికి మంట పక్కలకు చిమ్ముతుంది, చెయ్యి సరిగ్గా మంట మీదే ఉంటుంది. మూతను డాలులా ముందు పట్టుకుని, మీ వైపున్న గిన్నె అంచు మీద ఆనించి, అవతలి అంచు వైపు జరపాలి. అప్పుడు మంట మీ నుంచి దూరంగా వంగుతుంది. మూత కూర్చున్నాక పొయ్యి ఆపండి. నాబ్ మంటకు ఇవతల ఉండి చెయ్యి సులువుగా అందితే ముందే ఆపేయొచ్చు. నాబ్ కోసం మంట మీదుగా చెయ్యి చాపాల్సి వస్తే మూతే ముందు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. రెండు నిమిషాలాగి ఆరిందేమో చూద్దామని మూత ఎత్తుతారు. లోపల నూనె ఇంకా అంటుకునే వేడిలోనే ఉంటుంది, గాలి తగలగానే మళ్లీ మండుతుంది, ఈసారి ముఖం దానికి దగ్గరగా ఉంటుంది. కనీసం అరగంట, లోతైన గిన్నె అయితే గంట దాకా ముట్టుకోవద్దు. మండుతున్న గిన్నెను ఎత్తి సింకు దగ్గరికో బయటికో మోసుకెళ్లాలని అసలే అనుకోవద్దు. నాలుగడుగులు వేసేసరికి పిడి వేడెక్కుతుంది, నూనె తొణుకుతుంది, మంట వెనక్కి, అంటే మోసేవాళ్ల చేతుల మీదికే వస్తుంది.

పొడులు చల్లే సలహా కూడా తరచు వినిపిస్తుంది. చిన్న పెనంలో అడుగంటిన కొద్దిపాటి నూనె మంటకు వంటసోడా పనిచేస్తుంది, వేడికి అది కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. కానీ చెంచాడు చాలదు, గుప్పిళ్లతో చల్లాలి. లోతైన నూనెకు ఇంట్లో ఉన్న డబ్బా మొత్తం పోసినా సరిపోదు. బేకింగ్ పౌడర్, పిండి, పంచదార ఎప్పుడూ వద్దు. బేకింగ్ పౌడర్‌లో పిండిపదార్థం కలిసి ఉంటుంది, గాలిలో లేచిన పిండి తానే మండుతుంది. సోడా డబ్బా, బేకింగ్ పౌడర్ డబ్బా ఒకేలా ఉండే వంటింట్లో కంగారులో ఏది చేతికొస్తుందో చెప్పలేం. అందుకే పొడుల మీద ఆధారపడొద్దన్నదే మా మాట.

ఫైర్ బ్లాంకెట్: ఎప్పుడు మూత కంటే మేలు

గాజు నూలుతో నేసిన ఈ గుడ్డ చేసే పనీ మూత చేసే పనే, గాలి ఆపడం. మూత సరిపోని చోట దీని విలువ తెలుస్తుంది. పక్కన పెట్టిన తువ్వాలు అంటుకుంది, టోస్టర్ కాలుతోంది, అన్నిటికంటే ముఖ్యంగా మనిషి ఒంటి మీది బట్టలు అంటుకున్నాయి. వంట మంటల్లో బట్టలు అంటుకుని మొదలయ్యేవి చాలా కొద్ది. ప్రాణాలు పోయినవాటిలో వాటి వాటా మాత్రం అంత తక్కువేం కాదు. మనిషికి మంట అంటుకుంటే మూత పనికిరాదు. ఎక్స్‌టింగ్విషర్ వెతికే సమయం ఉండదు. బ్లాంకెట్ చుట్టి, నేల మీద పడుకోబెట్టి దొర్లించడమే దారి. ఈ ఒక్క కారణానికే బ్లాంకెట్ ప్రతి వంటింట్లో ఉండాలి.

నూనె మంటకు మాత్రం ప్రతి బ్లాంకెట్టూ నిలవదు. నేత వదులుగా ఉంటే నూనె ఆవిరి దారాల సందుల్లోంచి పైకి వచ్చి గుడ్డ మీదే మండుతుంది. బ్లాంకెట్లకు యూరప్‌లో ఈఎన్ 1869 అనే ప్రమాణం ఉంది, దాన్ని 2019లో సవరించారు. కొనేటప్పుడు పెట్టె మీద ఆ సంఖ్యా, ఆ సంవత్సరమూ ఉన్నాయా, వంట నూనె మంటకు పనికొస్తుందని స్పష్టంగా రాశారా చూడండి. అలా రాయనిది బట్టల మంటకు, చిన్న వస్తువులకు ఉంచుకోండి, నూనెకు మూతే వాడండి. మీటరు పొడవూ వెడల్పూ ఉన్నది మామూలుగా దొరికే చిన్న సైజు, అది చిన్న పెనానికి సరిపోతుంది. వెడల్పాటి గిన్నెలకూ, మనిషికి చుట్టడానికీ 1.2 మీటర్ల పొడవూ వెడల్పూ ఉన్నది, లేదా 1.2కు 1.8 మీటర్లది తీసుకోవాలి.

వాడేటప్పుడు రెండు పట్టీలూ లాగగానే గుడ్డ తెరుచుకుంటుంది. పై అంచును వేళ్ల మీదుగా మడిచి చేతులు గుడ్డ వెనక దాక్కునేలా పట్టుకోండి. మంట వైపు విసరకండి, ఇవతలి అంచు నుంచి మెల్లగా పరచండి. గిన్నె పొడుగాటి పిడి దగ్గర గుడ్డ పైకి లేచి సందు మిగులుతుంది, అక్కడ ఇంకాస్త కిందికి వేలాడేలా వేయాలి. ఒకసారి మంట మీద వేసిన బ్లాంకెట్‌ను మళ్లీ మడిచి పెట్టొద్దు, కొత్తది కొనండి.

తగిలించే చోటు గురించి గట్టిగా చెప్పాలి. పొయ్యికి సరిగ్గా పైన, పొయ్యి వెనక గోడకు, పొయ్యి పక్క అల్మరాలో పెడితే అవసరమైనప్పుడు అది మంటకు అవతల ఉంటుంది. వంటింటి గుమ్మం పక్కన, ఛాతీ ఎత్తులో, ఏదీ అడ్డం లేకుండా ఉండాలి.

ఎక్స్‌టింగ్విషర్: రకం తప్పితే మంట పెరుగుతుంది

మంటలార్పే ఎరుపు సీసాలన్నీ ఒకటే అనుకోవడం వల్ల చాలా నష్టం జరుగుతోంది. ఏది కొన్నా ముందు లేబుల్ మీద అక్షరం చూడాలి. ఏ అంటే కాగితం, కర్ర, గుడ్డ. బీ అంటే పెట్రోలు లాంటి ద్రవాలు. వంట నూనెకు చాలా దేశాల్లో ఎఫ్, అమెరికాలో కే అనే అక్షరం వాడతారు. కరెంటు వస్తువుల మంటను అమెరికాలో సీ అంటారు, యూరప్‌లో సీ అంటే గ్యాస్ మంట. బీ అని ఉంది కాబట్టి వంట నూనెకూ సరిపోతుందిలే అనుకోవద్దు. పెట్రోలు కంటే వంట నూనె చాలా ఎక్కువ వేడిలో మండుతుంది, ఆరిన తర్వాత కూడా ఆ వేడి పోదు. అందుకే దానికి వేరే అక్షరం పెట్టాల్సి వచ్చింది.

నీటి సీసా, మామూలు ఫోమ్ సీసా నూనెకు వద్దు. ఫోమ్‌లో ఎక్కువ భాగం నీరే. కార్బన్ డయాక్సైడ్ సీసా కంప్యూటర్లకు, కరెంటు బోర్డులకు బాగుంటుంది, ఏమీ మిగల్చదు. నూనె మీద వాడితే ఆ దూకుడుకు మండే నూనె గిన్నెలోంచి బయటికి చిమ్ముతుంది, మంట ఆరినట్టే ఆరి, చల్లబడలేదు కనుక మళ్లీ లేస్తుంది.

ఇళ్లలో ఎక్కువగా ఉండేది ఏబీసీ పొడి సీసా. ఇందులో ముఖ్యమైన పదార్థం మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. తువ్వాలు, అల్మరా, చెత్తబుట్ట, కరెంటు వస్తువు, గ్యాస్ మంట, అన్నిటి మీదా పనిచేస్తుంది కాబట్టి ఇల్లంతటికీ ఒకటే కొనాలంటే ఇదే కొనాలి. లోతైన నూనె మీద మాత్రం దీనిది కూడా తాత్కాలిక విజయమే, మంటను పడగొడుతుంది గానీ నూనెను చల్లార్చదు. రెండు కిలోల సీసా దాదాపు 8 నుంచి 10 సెకన్లలో ఖాళీ అవుతుంది. ఆ పది సెకన్లు దాటి నూనె మళ్లీ అంటుకుంటే చేతిలో ఏమీ మిగలదు. కాబట్టి నూనె మంట మీద పొడి కొట్టాల్సి వస్తే, ఆరిన మరుక్షణం మూత వేయాలి. పొడి పడ్డ తిండి ఏదీ తినకూడదు. అది లోహాలను తినేస్తుంది కాబట్టి గట్టు, పొయ్యి, గిన్నెలు అదే రోజు శుభ్రం చేయాలి.

నూనె కోసమే తయారైనది వెట్ కెమికల్ సీసా. ఇందులో పొటాషియం లవణాల ద్రావణం ఉంటుంది. పొడుగాటి గొట్టం చివర్నుంచి మెత్తటి తుంపరగా వస్తుంది కాబట్టి నూనెను చిమ్మదు. కాగుతున్న కొవ్వుతో కలిసి సబ్బు నురగలాంటి పొరగా మారుతుంది. సబ్బు తయారీలో జరిగే రసాయన చర్యే ఇక్కడా జరుగుతుంది. ఆ పొర గాలిని ఆపుతుంది, ద్రావణంలోని నీరు వేడిని లాగేస్తుంది. మళ్లీ అంటుకోకుండా చేయగలిగేది ఇదొక్కటే. రెండు లీటర్ల సీసా ఇంటికి చాలు. కనీసం మీటరు దూరంలో నిలబడి, గొట్టం పూర్తిగా చాచి, గిన్నె మీద మెల్లగా గుండ్రంగా తిప్పుతూ సీసా ఖాళీ అయ్యేదాకా కొట్టాలి. మంట కనపడటం లేదని మధ్యలో ఆపొద్దు. ఇది నీటితో చేసినదే కాబట్టి కరెంటు పొయ్యి అయితే ముందు మెయిన్ ఆపండి.

ఏది ఎంచుకోవాలి? వారానికి రెండు మూడుసార్లు లోతైన నూనెలో వేయించే ఇంట్లో వెట్ కెమికల్ సీసాకు పెట్టిన డబ్బు వృథా కాదు. ఎప్పుడో గానీ వేయించని ఇంట్లో మూత, మంచి బ్లాంకెట్, గుమ్మం దగ్గర రెండు కిలోల ఏబీసీ పొడి సీసా సరిపోతాయి. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు బ్లాంకెట్, తర్వాత సీసా. సీసా ఏదైనా నెలకోసారి గేజి ముల్లు పచ్చరంగులో ఉందా, పిన్ను సీలు తెగలేదా చూడాలి. పిన్ను లాగడం, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టడం, పిడి నొక్కడం, అటూ ఇటూ ఊపడం అన్నది పొడి సీసా వాడే క్రమం. లోతైన నూనె మీద మాత్రం దగ్గర్నుంచి సూటిగా కొట్టొద్దు, దూరంగా నిలబడి నూనె పైభాగం మీద పడేలా కొట్టాలి.

మంట గిన్నె దాటి అల్మరాకో, చిమ్నీకో, కర్టెన్‌కో అంటుకుంటే ఏ సీసానూ నమ్ముకోకండి. అందరినీ బయటికి పంపి, వంటింటి తలుపు మూసి, బయటి నుంచి ఫైర్ సర్వీసుకు ఫోన్ చేయండి. మూసిన తలుపు కూడా ఒక పెద్ద మూతే, మంటకు గాలి తగ్గిస్తుంది. ఓవెన్‌లోనో మైక్రోవేవ్‌లోనో మంట కనిపిస్తే సూత్రం అదే. తలుపు తెరవొద్దు, స్విచ్ ఆపి, ప్లగ్ అందుబాటులో ఉంటే తీసేసి, దానంతట అది ఆరేదాకా ఆగండి.

పొయ్యి ఏదైతే ప్రమాదం తక్కువ

గ్యాస్ పొయ్యికి ఒక గొప్ప గుణం ఉంది. వెలిగిందో ఆరిందో కంటికి కనిపిస్తుంది, ఆపగానే వేడి ఆగుతుంది. దాని బలహీనత కూడా ఆ మంటే. వదులు చేతుల చొక్కా, గిన్నె పక్క నుంచి తువ్వాలు అంచు దాన్ని అందుకుంటాయి. పాలు పొంగి మంట ఆరిపోతే గ్యాస్ వస్తూనే ఉంటుంది. కొత్తది కొనేవాళ్లు ఫ్లేమ్ ఫెయిల్యూర్ పరికరం ఉన్నదే తీసుకోండి. బర్నర్ పక్కన చిన్న లోహపు కడ్డీ కనిపిస్తుంది, అది మంట వేడికి పుట్టే కొద్దిపాటి విద్యుత్తుతో వాల్వును తెరిచి ఉంచుతుంది. మంట ఆరితే కడ్డీ చల్లబడి వాల్వు మూసుకుంటుంది. అందుకు కొన్ని సెకన్ల నుంచి నిమిషంన్నర దాకా పట్టొచ్చు. ఆ కడ్డీ మీద మసి, జిడ్డు పేరుకుంటే నాబ్ వదలగానే మంట ఆరిపోతుంటుంది. చాలామంది అది చెడిపోయిందనుకుని మెకానిక్‌తో తీయించేస్తారు. దయచేసి అలా చేయించొద్దు, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు బాగవుతుంది.

కాయిల్ పొయ్యి, గాజు పలక కింద ఎర్రగా కాలే పొయ్యి ఆపిన తర్వాత కూడా చాలాసేపు కాలుతూనే ఉంటాయి, చూడటానికి ఆరినట్టే ఉంటాయి. గ్యాస్ పొయ్యి ఉన్న ఇళ్ల కంటే కరెంటు పొయ్యి ఉన్న ఇళ్లలోనే వంట మంటల రేటు ఎక్కువని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. మంట కనపడకపోతే మనిషి అప్రమత్తత తగ్గుతుంది.

ఇండక్షన్‌లో గిన్నె తీయగానే వేడి ఆగుతుంది, పక్కన పడ్డ కాగితం అంటుకోదు, టైమర్ ఉంటుంది. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు, పిల్లలు తిరిగే ఇంటికి మా మొదటి ఎంపిక ఇదే. కానీ దీని ప్రమాదం దీని వేగంలోనే ఉంది. లెక్క కట్టి చూడండి. కిలో బరువున్న ఇనప పెనంలో 200 గ్రాముల నూనె పోసి 2,000 వాట్ల మీద పెడితే, పెనాన్నీ నూనెనూ 230 డిగ్రీలకు చేర్చడానికి కావలసిన శక్తి దాదాపు 175 కిలోజౌళ్లు. కొంత వృథా పోయినా అది రెండు నిమిషాల్లోపు పని. ఉల్లిపాయ తరగడానికి వెనక్కి తిరిగేలోగా పొగ వస్తుంది. పైగా వేడిని కొలిచే సెన్సర్ గాజు కింద ఉంటుంది, అది చూసేది గాజు వేడిని, నూనె వేడిని కాదు. పెనం అడుగు లోపలికి వంగి ఉంటే ఆ రెండింటి మధ్య గాలి చేరి సెన్సర్‌కు నిజం ఆలస్యంగా తెలుస్తుంది. కాబట్టి ఇండక్షన్ మీద నూనె ఎప్పుడూ మధ్యస్థమైన వేడిలోనే కాచాలి, అడుగు చదునుగా ఉన్న గిన్నెలే వాడాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు పొయ్యికి 60 సెంటీమీటర్ల దూరం పాటించాలని వైద్యుల సలహా.

ఏ అలారం, ఎక్కడ

ఒక అలారం పెట్టించి అన్నీ అదే పట్టేస్తుందనుకోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. పొగ, వేడి, వండే గ్యాస్ లీకు, కార్బన్ మోనాక్సైడ్ నాలుగూ వేర్వేరు. వాటిని పట్టే సెన్సర్లూ వేర్వేరే.

పొగ అలారం వంటింట్లో పెడితే రోజూ మోగుతుంది. విసిగి బ్యాటరీ తీసేస్తారు, ఇక అది లేనట్టే. పొయ్యికి కనీసం 3 మీటర్ల దూరంలో, వంటింటి బయట నడవలో పెట్టండి. రెండు రకాల్లో అయనైజేషన్ రకం వేపుడు పొగకు ఊరికే మోగుతుంది, వంటింటికి దగ్గర ఫోటోఎలక్ట్రిక్ రకమే మేలు. వంటింటి లోపల పెట్టాల్సింది హీట్ అలారం. అది పొగను పట్టించుకోదు, పైకప్పు దగ్గర వేడి 58 డిగ్రీల ప్రాంతానికి చేరితే మోగుతుంది. ఆలస్యంగా మోగుతుంది కాబట్టి పొగ అలారానికి బదులు కాదు, తోడు మాత్రమే. పొగ అలారం పదేళ్లకు మార్చాలి, వెనక తేదీ ముద్రించి ఉంటుంది.

గ్యాస్ లీకు అలారం కొనేముందు ఇంటికి వచ్చే గ్యాస్ ఏదో తెలుసుకోవాలి. సిలిండర్లలో వచ్చే ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల వెంట పాకి మూలల్లో చేరుతుంది. గాలిలో 2 శాతం దగ్గరకు చేరితే చాలు, నిప్పురవ్వకు పేలగలదు. అలారం నేలకు 30 సెంటీమీటర్లలోపు ఎత్తులో ఉండాలి. పైపులో వచ్చే సహజవాయువు తేలిక, పైకి లేస్తుంది, దాని అలారం పైకప్పుకు 30 సెంటీమీటర్లలోపు ఉండాలి. ఒకదాని చోట ఇంకోటి పెడితే గది సగం నిండినా మోగదు. అలారం మోగినా, వాసన వచ్చినా లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయొద్దు, వేసి ఉన్నవి ఆపొద్దు. స్విచ్చు ఎటు తిప్పినా రవ్వ పుడుతుంది. వాల్వు కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికి వెళ్లాకే ఫోన్ వాడండి.

కార్బన్ మోనాక్సైడ్ లీకైన గ్యాస్ కాదు, సరిగా కాలని మంట వదిలేది. రంగూ వాసనా లేదు. గిన్నెల అడుగున మసి పడుతోంది, మంట నీలంగా కాక పసుపుగా ఊగుతోంది అంటే అది పుడుతున్నట్టే అనుమానించాలి. దీని అలారం ప్రమాణం ఈఎన్ 50291. గాలిలో పది లక్షల వంతుల్లో 50 వంతులుంటే గంట నుంచి గంటన్నర లోపల, 300 వంతులుంటే 3 నిమిషాల్లో మోగుతుంది. మంటతో వండే ఇంటికి, ముఖ్యంగా కిటికీలు మూసి వండే ఇంటికి ఇది తప్పనిసరి. ఇండక్షన్ మాత్రమే ఉండి, గ్యాస్ గీజరు గానీ హీటరు గానీ లేని ఇంటికి అవసరం లేదు.

మసిగుడ్డా, గ్లౌజా, పట్టకారా

పొడిగా ఉన్న మందపాటి మసిగుడ్డ చాలా పనులకు సరిపోతుంది. అదే గుడ్డ తడిస్తే ప్రమాదం. గాలి కంటే నీరు వేడిని 20 రెట్లకు పైగా త్వరగా మోస్తుంది, పైగా నీరు ఆవిరై గుడ్డలోపలే చేతిని ఉడికిస్తుంది. గట్టు తుడిచిన గుడ్డతోనే గిన్నె దించే అలవాటుంటే ఈ రోజే మానేయండి, రెండు గుడ్డలూ వేర్వేరు రంగుల్లో పెట్టుకోండి. సిలికాన్ గ్లౌజు తడవదు, మరుగుతున్న నీళ్లు, ఆవిరి లోపలికి రావు, కాబట్టి వార్చడానికి, ఆవిరి గిన్నెల మూత తీయడానికి అదే మేలు. కాకపోతే పట్టు మొద్దుగా ఉంటుంది, చిన్న పిడులు జారతాయి. ఓవెన్ ట్రేలకు లోపల నూలు పొర ఉన్న పొడుగాటి గ్లౌజు తీసుకోండి, ఓవెన్ అంచుకు తగిలి కాలేది ఎక్కువగా మణికట్టే. పట్టకారు సగం దాకా నిండిన చిన్న గిన్నెకే. నిండుగా ఉన్న పెద్ద గిన్నెను ఒక్క చోట పట్టి ఎత్తితే అంచు వంగి జారుతుంది.

ప్రెజర్ కుక్కర్ విషయం రెండు ముక్కల్లో. లోపలి మూత కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడే మూతను అంచుకు బిగించి పట్టుకుంటుంది, ఒత్తిడి పోనిదే తెరుచుకోదు. తొందరపడే చేతులున్న ఇంటికి అదే మంచిది. బయటి మూత శుభ్రం చేయడం తేలిక, కానీ గ్యాస్‌కెట్ గట్టిపడితే మార్చడం ఆలస్యం చేయకూడదు. ఏదైనా మూడింట రెండొంతులకు మించి నింపొద్దు. పప్పులు, గింజలు లాంటి నురగ వచ్చేవి సగానికే ఆపాలి. వెయిట్ రంధ్రంలో నురగ, తొక్కలు ఇరుక్కుంటే ఆవిరికి దారి మూసుకుపోతుంది. ప్రతిసారీ వెయిట్ పెట్టేముందు ఆ రంధ్రంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి.

కాలితే ఏం పెట్టాలి

నీళ్లు, ఐసు, టూత్‌పేస్టు, వెన్న, బర్న్ జెల్. వీటిలో ఎంచుకోవాల్సింది ఒక్కటే, కొళాయి నీళ్లు. 60 డిగ్రీల నీళ్లకు 5 సెకన్లలోనే చర్మం లోతుగా కాలుతుంది, చేతిని తీసేసినా ఆ వేడి లోపలికి దిగుతూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి చల్లటి కొళాయి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. రెండు నిమిషాలకే మంట తగ్గినట్టు అనిపించి ఆపేస్తారు, ఆపొద్దు. వెంటనే వీలుకాకపోయినా మూడు గంటల్లోపు చేస్తే ఉపయోగం ఉంటుంది. ఉంగరం, గాజులు, వాచీ వాపు రాకముందే తీసేయాలి. చర్మానికి అతుక్కున్న బట్టను మాత్రం లాగొద్దు. ఐసు రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేసి గాయాన్ని లోతు చేస్తుంది. పేస్టు, వెన్న వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, తర్వాత డాక్టరు వాటిని కాలిన చర్మం మీంచి గీకి తీయాల్సి వస్తుంది. నీళ్లు దొరకని చోట బర్న్ జెల్ వాడొచ్చు.

20 నిమిషాల తర్వాత శుభ్రమైన క్లింగ్ ఫిల్మ్ (తిండి మీద కప్పే పలచటి ప్లాస్టిక్ పొర) చుట్టకుండా పొడుగ్గా పరిచి కప్పండి. బొబ్బలు చిదమకండి. గాయం అరచేతి కంటే పెద్దదైనా, ముఖం మీద, చేతుల మీద, కీళ్ల దగ్గర ఉన్నా, కాలిన చోటు తెల్లగా మారి నొప్పి తెలియకపోయినా, కాలినది చిన్నపిల్లలకో పెద్దవయసు వాళ్లకో అయినా ఆ 20 నిమిషాలు పూర్తి చేసి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.